పెరటి పెట్టలు గుడ్డుకొచ్చే దశ: 17 నుంచి 30వ వారం దాకా డైరీ

గుంపులో ఎనిమిది గ్రామప్రియ పెట్టలు, రెండు నాటు పెట్టలు ఉన్నాయి. పుంజు లేదు. అన్నీ జూన్ రెండో వారంలో పుట్టిన పిల్లలు. చోటు హైదరాబాద్ శివారు. రాత్రి గూడు 6×4 అడుగులు, పగలు తిరగడానికి 200 చదరపు అడుగుల పెరడు. గ్రామప్రియ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ పెరటి పెంపకం కోసమే రూపొందించిన రకం. గోధుమ రంగు గుడ్డు పెడుతుంది, పొదిగే గుణం దాదాపు ఉండదు. మామూలుగా 23వ వారం అటూ ఇటూగా గుడ్డుకొస్తుంది. నాటు పెట్టకు ఆరేడు నెలలు పడుతుంది.

పిల్లల దశ, టీకాల వరుస ఇందులో లేవు. అవి ఎక్కడైనా దొరుకుతాయి. దొరకనిది మధ్యలోని ఈ పద్నాలుగు వారాల సంగతి: కొన్ని గుడ్డు పెడుతుంటే కొన్ని ఇంకా పెరుగుతున్నప్పుడు ఒకే గూట్లో దాణా ఎలా వేయాలన్నది.

17–18 వారాలు: తూకం, పురుగుల మందు, కాలికి గుర్తు

గుడ్డు మొదలయ్యాక మందు వేస్తే ఆ గుడ్లు కొన్నాళ్లు తినకూడదు. అందుకే కడుపు పురుగుల మందు, కొక్కెర (రాణిఖేత్) తెగులు టీకా మలి మోతాదు ఈ వారాల్లోనే పూర్తి చేయాలి. మందు మోతాదు పశువైద్యుడు బరువు చూసి చెప్పిందే వేయాలి. దుకాణంలో చెప్పిన లెక్క కుదరదు.

తూకం వేసే పద్ధతి:
1. చీకటి పడ్డాక, అవి పడుకునే దండెం మీదే పట్టుకోవాలి. పగలు వెంటపడితే వాటికీ మనకీ ఆయాసమే.
2. పాత సంచి అడుగున మూల కత్తిరించి, తల బయటికొచ్చేలా దూర్చి, స్ప్రింగ్ కాటాకు తగిలించాలి.
3. కాలికి రంగు కేబుల్ టై వేసి నంబరు రాసుకోవాలి. టైకి, కాలికి మధ్య పెన్సిలు దూరేంత సందు ఉండాలి. రెండు వారాలకోసారి చూడకపోతే కాలు లావెక్కి బిగుసుకుంటుంది.

18వ వారం సగటు: గ్రామప్రియ 1.38 కిలోలు, నాటు 1.05. గ్రామప్రియల్లో అన్నిటికన్నా తేలికది 4వ నంబరు, 1.19. బరువు తక్కువున్న పెట్ట ఆలస్యంగా గుడ్డుకొస్తుంది. ఆలస్యం వల్ల నష్టం లేదు. బరువు రాకముందే లైటుతో పగలు పొడిగించి గుడ్డుకు తొందరపెడితేనే నష్టం. గుడ్డు చిన్నదవుతుంది, గుడ్డు సంచి బయటికి జారే ప్రమాదం పెరుగుతుంది. కాబట్టి ఈ దశలో బల్బు లేదు.

దాణా: పెరిగే కోళ్ల దాణా రోజుకు కోడికి 80 గ్రాములు, పైన పెరట్లో ఏరుకున్నది.
ఇప్పటిదాకా: గుడ్లు 0. వారానికి దాణా 5.6 కిలోలు.

19–20 వారాలు: గుడ్ల పెట్టెలు, మొదటి నమూనా విఫలం

15 కిలోల నూనె రేకు డబ్బాలు మూడు, ఒక పక్క కోసి, అంచులు మడిచి, ఊక వేసి గోడకు మూడడుగుల ఎత్తున బిగించాం. చాలా ఊళ్లలో చేసేది ఇదే. ఇక్కడ రెండు రకాలుగా పనికిరాలేదు.

ఒకటి, ఎత్తు. పడుకునే దండెం రెండడుగుల్లో ఉంది, డబ్బా మూడడుగుల్లో ఉంది. కోడికి రాత్రి అన్నిటికన్నా ఎత్తైన చోటే కావాలి. నాలుగు పెట్టలు డబ్బాల్లోనే పడుకున్నాయి, తెల్లారేసరికి ఊకంతా రెట్ట. రెండు, వెడల్పు. డబ్బా తొమ్మిది అంగుళాలకు కాస్త ఎక్కువ. నాటు పెట్టకు సరిపోతుందేమో గానీ కిలోన్నర దాటిన గ్రామప్రియ అందులో తిరగలేదు. గుడ్డు పెట్టే ముందు పెట్ట చుట్టూ తిరిగి గుంట చేసుకుంటుంది. ఆ చోటు లేకపోతే లోపలికి తొంగి చూసి వెళ్లిపోతుంది. రేకు మధ్యాహ్నం వేడెక్కడం మూడో సమస్య.

రెండో నమూనా: ప్లాస్టిక్ టమాటా క్రేటు, పక్కకు పడుకోబెట్టి.
1. నోరు 20 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల ఎత్తు. లోతు దాదాపు 12.
2. ముందు అడుగున 4 అంగుళాల చెక్క పట్టీ. ఇది లేకపోతే ఊకతో పాటు గుడ్డూ జారిపడుతుంది.
3. నోటికి పైనుంచి సగం దాకా గోనె పట్టా. చీకటిగా ఉంటేనే నమ్ముతుంది. పక్క కన్నాలకూ గోనె కట్టాలి.
4. కింద గోనె ముక్క, పైన వరిగడ్డి మూడు అంగుళాలు. ఒట్టి ఊక అయితే గీకి పారేస్తుంది.
5. నేల నుంచి 15 అంగుళాల ఎత్తు. దండెం 30 అంగుళాలకు పెంచాలి.

పది పెట్టలకు రెండు క్రేట్లు చాలు, మూడు పెట్టాం. ఎన్ని పెట్టినా అన్నీ ఒకదాని కోసమే కొట్లాడతాయని ముందే అనుకోవచ్చు. దండేలు నాలుగడుగులవి రెండు, కోడికి 8 అంగుళాలు లెక్క. పైఅంచు గుండ్రంగా చిత్రిక పట్టిన 2 అంగుళాల చెక్క. నున్నటి పైపు వద్దు, పట్టు దొరకదు.

క్రేటుకొకటి చొప్పున, గుడ్డంత గులకరాయికి సున్నం పూసి, గుడ్డు అనుకునేలా లోపల పెట్టాం. ఇది ఎంత పనిచేసిందో 25వ వారంలో తెలిసింది.

21–22 వారాలు: ఎవరు దగ్గర్లో ఉన్నారు

తురాయి ఎర్రబడటం అందరూ చూసేదే, కానీ అదొక్కటే నమ్మదగ్గది కాదు. 2వ నంబరు తురాయి 20వ వారంలోనే ఎర్రబడింది, గుడ్డు 25లో పెట్టింది. చేత్తో చూసేది దానికన్నా నయం.

1. పెట్టను చంకలో, తల వెనక్కి ఉండేలా పట్టుకోవాలి.
2. గుడ్డు ద్వారానికి కింద, రెండు పక్కలా ముళ్లలా తగిలే ఎముకల కొనలు వెతకాలి.
3. రెండు కొనల మధ్య ఒక వేలు మాత్రమే పడితే ఇంకా నెల దాకా పట్టొచ్చు. రెండు వేళ్లు పడితే వారం రెండు వారాలు. మూడు వేళ్లు పడి, ద్వారం వెడల్పుగా, తడిగా, పాలిపోయి ఉంటే పెడుతోందనే అర్థం, ఎక్కడో దాచి పెడుతున్నా సరే.

22వ వారం చివర: మూడు వేళ్లు ఒకటి (7వ నంబరు), రెండు వేళ్లు నాలుగు, ఒక వేలు అయిదు. నాటు పెట్టలు రెండూ ఒక వేలులోనే. వీపు మీద చెయ్యి వేస్తే రెక్కలు విప్పి కూర్చుండిపోయేవి మూడు. ఈ కూర్చోవడం మొదలైతే గుడ్డు చాలా దగ్గర.

గ్రామప్రియ సగటు బరువు 1.56 కిలోలు. 4వ నంబరు 1.41.

23వ వారం: తొలి గుడ్డు, దాణా పేచీ

7వ నంబరు పెట్టింది, 38 గ్రాములు, గోధుమ రంగు, పెంకు మీద సన్నని నెత్తుటి గీత. తొలి గుడ్లకు ఆ గీత మామూలే. అన్ని గుడ్లకూ, రోజూ వస్తుంటే మాత్రం ద్వారం దగ్గర పుండో, మిగతావి పొడుస్తున్నాయో చూడాలి. పెట్టిన చోటు క్రేటు కాదు, దండెం కింద మూల.

ఇక్కడ అందరూ చేసే పని, మొదటి గుడ్డు చూడగానే గుంపు మొత్తాన్నీ గుడ్ల కోళ్ల దాణాకు మార్చడం. ఆ దాణాలో కాల్షియం 3.5 నుంచి 4 శాతం ఉంటుంది. పెరిగే కోడికి ఒక శాతం చాలు. గుడ్డు పెట్టని కోడికి వారాల తరబడి నాలుగు శాతం పెడితే మూత్రపిండాల మీద భారం పడుతుంది. అలాగని పాత దాణాలోనే ఉంచితే పెట్టే కోడికి చాలదు. ఒక్క గుడ్డు పెంకులోకి దాదాపు రెండు గ్రాముల కాల్షియం పోతుంది. దాణాలో దొరక్కపోతే కోడి తన ఎముకల్లోంచి తీసి పెడుతుంది.

అందుకని దాణాలో కాల్షియం తక్కువగానే ఉంచి, మిగతాది సున్నపురాయిగా వేరే గిన్నెలో పెట్టాం. పెట్టే కోడి అదే వెతుక్కుని తింటుంది. పెట్టనిది కాస్త రుచి చూసి వదిలేస్తుంది.

దాణా, 10 కిలోలకు:
- మొక్కజొన్న రవ్వ 5.5 కిలోలు
- నూనె తీసిన తవుడు 1.9 కిలోలు
- సోయా చెక్క 1.8 కిలోలు
- ఎండు చేపల పొడి 500 గ్రాములు
- సున్నపురాయి పొడి 150 గ్రాములు
- డైకాల్షియం ఫాస్ఫేట్ 100 గ్రాములు
- ఉప్పు 30 గ్రాములు, విటమిన్ మిశ్రమం 20 గ్రాములు (ప్యాకెట్ మీది మోతాదు వేరుగా ఉంటే అదే)

మాంసకృత్తులు 17–18 శాతం, కాల్షియం ఒక శాతం అటూ ఇటూ వస్తాయి. చేపల పొడి ఉప్పగా ఉంటే విడి ఉప్పు మానేయాలి. ఎక్కువైతే నీళ్లు తెగ తాగి రెట్ట పలచబడుతుంది.

ఇప్పటిదాకా: గుడ్లు 4. క్రేటులో 0. దాణా వారానికి 6.3 కిలోలు, అంటే గుడ్డుకు కిలోన్నర పైనే. ఈ లెక్క చూసి బెదరక్కర్లేదు.

24–25 వారాలు: తోలుగుడ్లు

24వ వారంలో 13 గుడ్లు, అందులో మూడు తోలుగుడ్లు, అంటే గట్టి పెంకు లేక మెత్తటి పొరతోనే పడ్డవి. 25లో 21 గుడ్లు, తోలువీ వేలు పెడితే సొట్ట పడేవీ కలిపి అయిదు.

కొత్త పెట్ట మొదటి ఒకటి రెండు గుడ్లు తోలుతో పెట్టడం సహజం. పెంకు కట్టే సంచి ఇంకా కుదురుకోదు. కానీ అయిదింటిలో మూడు 7వ నంబరువే. అది మూడు వారాలుగా పెడుతోంది. కాబట్టి కారణం కొత్తదనం కాదు. గిన్నె నిండా సున్నపురాయి ఉండగా పెంకు ఎందుకు చాలలేదు?

తెరిచి చూస్తే గిన్నెలో ఉన్నది పొడి. ఆ పొడి కోడి ముక్కుకు సరిగ్గా అందదు, తిన్నా రెండు మూడు గంటల్లో పేగు దాటిపోతుంది. పెంకు కట్టేది రాత్రి. గుడ్డు తయారవడానికి పట్టే ఇరవై అయిదు గంటల్లో దాదాపు ఇరవై గంటలు పెంకు సంచిలోనే గడుస్తాయి. అందులో ఎక్కువ భాగం కోడి దండెం మీద నిద్రపోయే వేళే. ఆ సమయంలో కడుపులో సున్నం ఉండాలంటే అది కందనకాయలో ఆగి నెమ్మదిగా కరిగే పలుకు రూపంలో ఉండాలి.

రెండో కారణం సాయంత్రం చల్లే నూకలు. కోడికి 30 గ్రాములు పడుతున్నాయి. పడుకునే ముందు మేత సంచి నిండా నూకలే ఉంటే దాణాకు, సున్నానికి చోటుండదు. నూకల్లో కాల్షియం లేనట్టే లెక్క.

మార్పులు:
1. పొడి తీసేసి షెల్‌గ్రిట్ (నలగ్గొట్టిన ఆల్చిప్పలు), 2 నుంచి 4 మిల్లీమీటర్ల పలుకు. దుకాణంలో అడిగేటప్పుడు జాగ్రత్త. స్టోన్‌గ్రిట్ అని అమ్మేది ఒట్టి గులకరాయి ముక్క కావచ్చు, అది అరుగుదలకే తప్ప పెంకుకు పనికిరాదు. నాలుగు పలుకులు నిమ్మరసంలో వేస్తే బుడగలు రావాలి.
2. గిన్నె మధ్యాహ్నం మూడింటికి కడిగి, నింపి, దాణా తొట్టి పక్కనే, వాన పడని చోట.
3. నూకలు 10 గ్రాములకు తగ్గించి, సాయంత్రం నుంచి ఉదయం పదకొండుకు మార్చాం.
4. ఇంట్లో గుడ్డు పెంకులు వాడాలంటే పెనం మీద బాగా వేడిచేసి, గుర్తుపట్టలేనంత నలగ్గొట్టి కలపాలి. సగం పెంకు అలాగే వేస్తే గుడ్డు తినడం మనమే నేర్పినట్టు.

కొలత: గుడ్డు పగలగొట్టి, పెంకు లోపల తెల్లసొన తుడిచి, రెండు రోజులు ఆరబెట్టి, గ్రాములో పదో వంతు చూపే చిన్న కాటా మీద తూయాలి. గుడ్డు బరువులో పెంకు తొమ్మిది పది శాతం ఉండాలి. 25వ వారంలో 7వ నంబరు గుడ్డు 44 గ్రాములు, పెంకు 3.1. అంటే ఏడు శాతం. మార్పు తర్వాత 27వ వారంలో అదే పెట్టది 47 గ్రాములు, పెంకు 4.5.

పలుకు రూపంలో సున్నం పెట్టినా పెంకులు ముడతలు పడుతూ, గుంపులో దగ్గు, గురక వినిపిస్తుంటే అది దాణా సంగతి కాదు. పశువైద్యుడికి చూపించాలి.

ఇప్పటిదాకా: గుడ్లు 38. తోలువి, పలచనివి 8. క్రేటులో పెట్టినవి 14, బయట 24.

26వ వారం: క్రేటు బయట గుడ్లు, గుడ్డు తినడం

ఇరవై నాలుగు గుడ్లు మూడు చోట్లే: దండెం కింద చీకటి మూల, కట్టెల మోపు వెనక, బట్టల రాయి కింద. మూడింటికీ పోలిక ఉంది: పైన కప్పు, మూడు వైపులా అడ్డం, పొడి మట్టి. సున్నం పూసిన గులకరాయి వల్ల పెట్టలు క్రేటులోకి వెళ్లి చూశాయి, కొన్ని పెట్టాయి. అంతవరకే. తొలి గుడ్డు పెట్టిన చోటును వదిలించాలంటే ఆ చోటే లేకుండా చేయాలి.

1. దండెం కింద మూలలో ఇటుకలు వాలుగా పేర్చాం. కూర్చోవడానికి వీలు లేకుండా.
2. ఒక క్రేటును సరిగ్గా ఆ మూలకే, నేల మీదికి దింపాం. రెండు రోజుల్లో అలవాటైంది. తర్వాత రెండు రోజులకొక ఇటుక చొప్పున కింద పెడుతూ 15 అంగుళాలకు తెచ్చాం. ఒక్కసారిగా ఎత్తితే మళ్లీ మూలకే పోతాయి.
3. ఉదయం పదిన్నర దాకా గూడు తలుపు తీయలేదు. లోపలే దాణా, నీళ్లు. గుడ్లలో ఎక్కువ భాగం ఏడు నుంచి పదకొండు మధ్యే పడుతున్నాయి కాబట్టి పదిన్నర ఎంచుకున్నాం.
4. కట్టెల మోపు జరిపి, రాయి కింద ఖాళీ మూసేశాం.

ఈ వారం 27 గుడ్లలో 19 క్రేటులో పడ్డాయి. 27వ వారం 33లో 29, 28వ వారం 36లో 35.

తలుపు మూసి ఉంచడం వల్ల కొత్త తలనొప్పి. గూట్లో ఖాళీగా తిరిగే పెట్టలు పలచని గుడ్డును పొడిచి తిన్నాయి. పచ్చసొన ఆనవాలు 5వ నంబరు ముక్కు మీద. గుడ్డులో ఆవపిండి నింపి పెట్టడం అందరూ చెప్పే చిట్కా. కోళ్లకు కారం రుచి పెద్దగా తెలియదు, ఆవ ఘాటు కూడా చాలావాటిని ఆపదు. పనిచేసింది ఇది: తొమ్మిదికీ పదిన్నరకీ రెండుసార్లు గుడ్లు తీయడం, గోనె పట్టా ఇంకో రెండు అంగుళాలు కిందికి దించడం, కూరాకు కట్ట గూట్లో తాడుకు వేలాడదీసి పొడుచుకోవడానికి ఏదో ఒకటి ఇవ్వడం. పెంకు గట్టిపడ్డాక సమస్య దానంతటదే పోయింది. గట్టి గుడ్డు ఒక్క పోటుకు పగలదు.

ఇప్పటిదాకా: గుడ్లు 65. తోలువి, పలచనివి 11. దాణా కోడికి 103 గ్రాములు, వారానికి 7.2 కిలోలు. నీళ్లు కోడికి పావు లీటరు దాకా. ఒక పూట తొట్టి ఎండితే మర్నాడు గుడ్లు తగ్గుతాయి.

27–28 వారాలు: లైటు

డిసెంబరులో ఇక్కడ పగలు పదకొండు గంటలే. జూన్‌లో పదమూడు దాటుతుంది. పగలు కురచవుతున్న కాలంలో గుడ్డుకొచ్చిన పెట్ట తొందరగా ఆపేయవచ్చు. గ్రామప్రియలన్నీ కిలోన్నర దాటాకే బల్బు పెట్టాం. అప్పటిదాకా వెనకబడ్డ 4వ నంబరు 27వ వారానికి 1.54.

1. 5 వాట్ల పసుపు కాంతి ఎల్‌ఈడీ ఒకటి, ఆరడుగుల ఎత్తున, నీడ దాణా తొట్టి మీద పడకుండా. కోడి తల ఎత్తులో పేపరు చదవగలిగేంత వెలుతురు చాలు.
2. వెలుతురు తెల్లవారుజామున కలపాలి, సాయంత్రం కాదు. రాత్రి బల్బు టక్కున ఆరితే నేల మీదున్న కోళ్లు దండెం వెతుక్కోలేవు.
3. 27వ వారం 5:45కి మొదలు. తర్వాత వారానికి అరగంట ముందుకు. మొత్తం వెలుతురు 14 గంటలకు చేరాక ఆపేయాలి.

తిరిగే చక్రం ఉన్న టైమర్ కరెంటు పోయినంతసేపూ ఆగిపోతుంది. నలభై నిమిషాల కోత పడితే బల్బు నలభై నిమిషాలు ఆలస్యంగా వెలుగుతుంది, రోజూ. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్‌కు మార్చాం. పక్కింట్లో పుంజు ఉంటే కిటికీకి గోనె కట్టండి. లేకపోతే మీ బల్బుకు అది కూస్తుంది.

గుడ్లు 33 నుంచి 36కు, ఆపైన 41కి పెరిగాయి. ఇందులో లైటు వాటా ఎంత, వయసు వాటా ఎంత అన్నది ఈ గుంపుతో తేలదు. బల్బు లేని జత గుంపు పక్కన ఉంటేనే చెప్పొచ్చు.

28వ వారంలో రెండు సొనల గుడ్డు ఒకటి, 63 గ్రాములు. కొత్త పెట్టలో రెండు సొనలు ఒకేసారి విడుదలవడం వల్ల వస్తుంది, మందు అక్కర్లేదు. కానీ ఆ పెట్టను రెండు రోజులు గమనించాలి. తోక దించి, రెక్కలు జార్చి, కాళ్లు ఎడం పెట్టి నిలబడుతుంటే గుడ్డు అడ్డుపడిందేమో చూడాలి. గోరువెచ్చని నీళ్ల తొట్టిలో పావుగంట, ద్వారానికి కాస్త నూనె, చీకటి పెట్టెలో విశ్రాంతి. చేత్తో నొక్కి లోపల గుడ్డు పగలగొట్టకూడదు. పెంకు ముక్కలు లోపల చీరితే పెట్ట బతకదు.

నాటు పెట్టల్లో మొదటిది, 9వ నంబరు, 28వ వారంలో గుడ్డుకొచ్చింది. 34 గ్రాములు, లేత మీగడ రంగు.

ఇప్పటిదాకా: గుడ్లు 134. బయట పెట్టినవి 37. తోలువి, పలచనివి 12.

29–30 వారాలు

29లో 41 గుడ్లు, 30లో 43. మొత్తం 218. బయట 38, పలచనివి 13. గ్రామప్రియ గుడ్డు సగటు 49 గ్రాములు. 30వ వారంలో గుడ్డుకు దాణా 167 గ్రాములు. 18వ వారం నుంచి దాణా మొత్తం 83 కిలోలకు కాస్త తక్కువ.

గుడ్లు కడగడం లేదు. కడిగితే పెంకు మీది సన్నని పొర పోయి, రంధ్రాల్లోంచి నీటితో పాటు మురికి లోపలికి పోతుంది. మట్టి అంటినవి పొడి గుడ్డతో తుడిచి ముందు వాడేస్తున్నాం. గడ్డి వారానికోసారి మారుస్తుంటే అసలు మురికే తక్కువ.

ఎలుకలు, పాములు రాకముందే ఒకటి చేయాలి. గూడు వలలో అంగుళం సందులున్న భాగాలన్నిటికీ అర అంగుళం వెల్డ్‌మెష్ (ఇనుప వల) పైనుంచి కుట్టాలి, కింద ఒక అడుగు లోతు మట్టిలోకి దించాలి. అంగుళం సందులోంచి చిన్న జెర్రిపోతు దూరుతుంది, గుడ్డు మింగాక బయటికి రాలేక అక్కడే పడుకుంటుంది. పందికొక్కు అయితే నేల తవ్వి వస్తుంది.

10వ నంబరు నాటు పెట్ట ఇంకా రెండు వేళ్ల దగ్గరే ఉంది. అది పెట్టేదాకా దాణాలో సున్నం పెంచడం లేదు, షెల్‌గ్రిట్ గిన్నె అలాగే ఉంటుంది. పదీ పెడుతుంటే మిశ్రమం ఇలా: మొక్కజొన్న రవ్వ 5.2, సోయా చెక్క 1.8, తవుడు 1.5 కిలోలు, చేపల పొడి 500 గ్రాములు, సున్నపురాయి 800 గ్రాములు (సగం పొడి, సగం పలుకు), డైకాల్షియం ఫాస్ఫేట్ 100 గ్రాములు, ఉప్పు 30, విటమిన్లు, ఖనిజాలు కలిపి 70 గ్రాములు. కాల్షియం మూడున్నర శాతానికి వస్తుంది. మార్పు ఒక్కరోజులో కాదు: మూడు రోజులు పాతది మూడు పాళ్లు కొత్తది ఒక పాలు, మరో మూడు రోజులు చెరిసగం, తర్వాత పూర్తిగా.

మార్చి నుంచి ఎండ. కోడి నోరు తెరిచి రొప్పితే రక్తంలో బైకార్బనేటు తగ్గి, ఎంత సున్నం తిన్నా పెంకు పలచబడుతుంది. గూటి రేకు మీద కొబ్బరాకులు, దాణా తెల్లవారుజామున, సాయంత్రం మాత్రమే, నీళ్ల తొట్టి రెండోది నీడలో. ఇవి ఫిబ్రవరి చివరికి సిద్ధం కావాలి.